కుండతో మాట్లాడిన అసిరి

మీ తాతకి తాత ఇంకా ఉగ్గుపాలు తాగుతున్న రోజులవి. కొండలకి పేర్లున్నాయి గాని దారులకి లేవు. ఆ రోజుల్లో, సముద్రానికి రెండు రోజుల నడక దూరంలో, నేరేడుకొండ అని ఒక కొండ ఉండేది. కొండ మీద ఒక పెద్ద చదువులశాల ఉండేది. దాన్ని ఒక రాణి కట్టించింది. రాణి పేరు ఎవరికీ గుర్తులేదు. ఆమె మొగుడి పేరు మాత్రం గుమ్మం మీద రాతిలో చెక్కి ఉంది. ఆయన ఆ కొండ ఒక్కసారైనా ఎక్కలేదట.

రాణి పోతూ పోతూ ఒక మంచి మాట చెప్పి పోయింది. "ఆడైనా మగైనా, ఏ ఇంటి బిడ్డైనా, కొండెక్కి వస్తే చదువు చెప్పాల్సిందే" అంది. అక్కడి గురువులని ఒజ్జలు అనేవారు. ఒజ్జలు ఆ మాటని కాదనలేకపోయారు. కాదనలేని మాటని పెద్దమనుషులు ఏం చేస్తారు? దాని పక్కన ఇంకో మాట చేరుస్తారు. వీళ్ళూ అదే చేశారు.

వాళ్ళు చేర్చినదాని పేరు వడపోత.

ఏటా తొలకరి పడ్డాక కొత్తపిల్లలు కొండెక్కేవారు. మూడు రోజులపాటు పాతపిల్లలెవరూ వాళ్ళతో మాట్లాడకూడదు. నీళ్ళెక్కడో చెప్పకూడదు. కూడెప్పుడో చెప్పకూడదు. కూచునే చోటేదో చెప్పకూడదు. నాలుగోనాడు పొద్దుపొడుపు వేళకి ఒజ్జలందరూ ఒకచోట కూచుని కొత్తవాళ్ళ పేర్లు పిలిచేవారు. ఆ చోటు ఏటికేడు మారేది. దాన్ని వెతుక్కుని చేరినవాళ్ళు చదువుకి తగినవాళ్ళు. చేరలేనివాళ్ళు మూట కట్టుకుని కొండ దిగాలి. కొత్తవాళ్ళతో మాట్లాడుతూ దొరికిన పాతపిల్లలు కూడా వాళ్ళ వెనకే దిగాలి.

"తెలివిగలవాళ్ళే మిగులుతారు. మిగతాది పొట్టు" అనేవాడు పెద్ద ఒజ్జ గడ్డం నిమురుకుంటూ.

మరి ఏటా మిగిలేదెవరు? అన్న చదివిన ఇంటి తమ్ముడు మిగిలేవాడు. మావయ్య చదివిన ఇంటి మేనల్లుడు మిగిలేవాడు. తాత చదివిన ఇంటి మనవడు మిగిలేవాడు. కొండ మీద ఏది ఎక్కడుందో వాళ్ళకి ఇంట్లో అన్నం తింటుండగానే తెలిసిపోయేది. దిగిపోయేదెవరు? పశువుల కాపరుల కొడుకులు, చేపలు పట్టేవాళ్ళ కొడుకులు, ఇక కూతుళ్ళయితే ఎవరి కూతుళ్ళైనా సరే. కూతుళ్ళకి చదివిన అక్కలు ఎక్కణ్ణుంచి వస్తారు? పెద్ద ఒజ్జ దీన్ని తెలివి అనేవాడు. దానికి చుట్టరికం అనే పేరు కూడా ఉందని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

ఆ కొండ మీద అసిరి అని ఒక అమ్మాయి చదువుకునేది. మేదరివాళ్ళ పిల్ల. వాళ్ళయ్య బుట్టలు అల్లేవాడు, వాళ్ళమ్మ చేటలు అల్లేది. అసిరి వచ్చిన ఏడు తొమ్మండుగురు ఆడపిల్లలు కొండెక్కారు. మొదటిరోజు ముగ్గురు దిగిపోయారు. రెండోరోజు ముగ్గురు దిగిపోయారు. మూడోరోజు ఇద్దరు దిగిపోయారు. అసిరి ఒక్కతే మిగిలింది. తెలివితోనా? కాదు. మూడోరోజు ఆకలికి కళ్ళు తిరిగి, గడ్డివాము వెనక ఒరిగి నిద్రపోయింది. కళ్ళు తెరిచేసరికి తెల్లారింది, ఒజ్జలంతా గడ్డివాము ముందు చాపలేసుకుని కూచునున్నారు. ఆ ఏడు పేర్లు పిలిచే చోటు అదే.

"శభాష్! ఎంత తెలివైన పిల్ల!" అన్నాడు పెద్ద ఒజ్జ.

అసిరి ఆవలించింది. కానీ ఆ శభాష్ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. తను నిద్రపోయి గెలిచింది. తనకంటే చురుకైనవాళ్ళు ఎనిమిదిమంది మెలకువగా ఉండి ఓడిపోయారు.

ఏడాది తిరిగింది. మళ్ళీ తొలకరి పడింది. మళ్ళీ కొత్తపిల్లలు కొండెక్కారు. ముప్ఫైమంది వచ్చారు. అందులో ఏడుగురు ఆడపిల్లలు.

ఆ ఏడుగురిలో ముందు నడిచి వచ్చింది తవిటమ్మ. పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డని చేటెడు తవుడుకి ఇచ్చి మళ్ళీ తెచ్చుకునేవారు ఆ వైపు. అలా దక్కిన పిల్ల. సముద్రం పక్కన ఉప్పుమడుల ఊరు వాళ్ళది. ఆ ఊళ్ళో మందు తెలిసినవాళ్ళు లేరు. పురుడొస్తే దేవుడికి మొక్కడం, జ్వరమొస్తే దేవుడికి మొక్కడం, పాము కరిస్తే మొక్కడానికి కూడా వ్యవధి ఉండేది కాదు. వైద్యం నేర్చుకుని వస్తానని తవిటమ్మ బయలుదేరింది.

గుమ్మం పక్కన మూట దించి, తోటి పిల్లలతో చెబుతోంది. "మా అయ్య ఏటన్నాడో తెలుసా? ఎల్లు, ఎల్లు, మూడ్రోజుల్లో ఆళ్ళే తోలేస్తారు నిన్ను అన్నాడు. అయిదోనాటికి తమలపాకులు అట్టుకుని రమ్మని మా మేనమామకి కబురెట్టీసినాడు. ముందే ఇద్దరు పెళ్ళాలున్నారు ఆయనకి. ఆకులు నానబెట్టుకుని కూకున్నాడు."

పిల్లలు నవ్వారు. తవిటమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చీర చెంగుని ముడి వేసి, విప్పి, మళ్ళీ ముడి వేసింది. పక్కన వెదురు చీలుస్తున్న అసిరి ఆ మాట వింది, ఆ ముడి కూడా చూసింది. నోరు తెరవబోయి మూసుకుంది.

మొదటిరోజు ఎండ చుర్రుమంది. కొండెక్కినవాళ్ళకి దాహం వేసింది. ముంగిట్లో పెద్ద నుయ్యి ఉంది. చక్కటి గట్టు, చక్కటి చేద. తవిటమ్మ నీళ్ళు తోడి, దోసిట పట్టి తాగి, తుపుక్కున ఉమ్మేసింది.

"ఓలమ్మో! మా ఊరి ఉప్పు నాకంటే ముందే కొండెక్కీసిందేటి?"

అరుగు మీద పాతపిల్లలు పకపకా నవ్వారు. ఆ నూతి నీళ్ళు కాళ్ళు కడుక్కోడానికే పనికొస్తాయి. తాగే నీళ్ళు కొండ వెనక ఊటలో ఉంటాయి. ఆ సంగతి నవ్వినవాళ్ళందరికీ తెలుసు. నవ్వినవాళ్ళలో ఒకరిద్దరు నిరుడు అదే నీళ్ళు ఉమ్మినవాళ్ళే.

అసిరికి నవ్వు రాలేదు. చెబితే తను దిగిపోవాలి. చెప్పకపోతే వాళ్ళు దిగిపోతారు. ఏం చెయ్యాలి? అప్పుడామెకి వాళ్ళ మామ్మ గుర్తొచ్చింది.

అసిరి మామ్మ పన్నెండేళ్ళు కోడలితో మాట్లాడలేదు. అలాగని ఒక్క మాట కూడా లోపల దాచుకోలేదు. అన్నీ పిల్లికి చెప్పేది. "పిల్లీ, ఈ ఇంట్లో కొందరికి పొద్దు నడినెత్తికొస్తే గాని తెల్లారదే!" అనేది. కోడలు ఊరుకుంటుందా? రోకలికి చెప్పేది. "రోకలీ, కొందరికి పళ్ళన్నీ ఊడినా నాలుక మాత్రం ఊడదే!" అనేది. ఆ ఇంట్లో ఆ పిల్లి, ఆ రోకలి విన్నన్ని తిట్లు లోకంలో ఎవరూ విని ఉండరు. ఇదేమీ ఆ ఒక్క ఇంటి గొడవ కాదు. ఏ ఒజ్జా నేర్పకుండా ఇంటింటా ఆడవాళ్ళు నేర్చిన విద్య. ఎదుట నిలబడి మాట్లాడే హక్కు లేనివాళ్ళకి పక్కకి తిరిగి మాట్లాడటం బాగా వస్తుంది.

అసిరి లేచింది. పక్కనున్న మట్టికుండని తన ఎదురుగా పెట్టుకుంది. నడుం మీద చేతులేసుకుంది.

"ఒలే కుండా!" అని ఒక్క అరుపు అరిచింది. ఏడుగురు ఆడపిల్లలూ ఉలిక్కిపడ్డారు. "నీకెన్నిసార్లు సెప్పాలే? ముందు నుయ్యి ఉప్పు కసం. మంచినీళ్ళు కావాలంటే వంటసాల పక్కనుంచి ఎల్లి, నేరేడు సెట్ల కాడ ఎడంసేతికి దిగాలి. రాళ్ళమజ్జిన ఊట ఉంది. పాకుడు ఉంటాది, సూసుకుని అడుగెయ్యి. ఎన్ని ఏళ్ళొచ్చినా బుర్ర రాదేటే నీకు!"

కుండ ఏమీ అనలేదు. కానీ వినాల్సినవాళ్ళు విన్నారు.

తవిటమ్మ అసిరిని చూసింది. కుండని చూసింది. మూట చంకనేసుకుని వంటశాల పక్కకి నడిచింది. మిగతావాళ్ళు ఆమె వెనక నడిచారు. ఆ రోజు ఒక్కరు కూడా కొండ దిగలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళలో వరహాలు అని ఒక అబ్బాయి ఉన్నాడు. పెద్ద ఒజ్జ మేనల్లుడు. వాడికి దాహం వెయ్యలేదు, ఎందుకంటే వాడు నేరుగా ఊట దగ్గరికే వెళ్ళాడు. కడుపు నిండినవాడికి ఊసుపోదు. వాడు పరుగున వెళ్ళి మావయ్యకి చెప్పాడు. పెద్ద ఒజ్జ అసిరిని పిలిపించాడు.

"కొత్తవాళ్ళతో మాట్లాడావా?"

"నేదు అయ్యగోరూ. కుండతో మాటాడేను."

"కుండతోనా?"

"నీళ్ళు తేవాల్సింది అదే కదండీ."

పెద్ద ఒజ్జ కట్టడి రాసిన తాటాకు తీసి చదివాడు. కొత్తవాళ్ళతో మాట్లాడరాదని ఉంది. కుండతో మాట్లాడరాదని లేదు. "సరే, పో" అన్నాడు.

రెండోరోజు ఆకలి దగ్గర వచ్చింది చిక్కు. వంటశాల ముందు కొమ్ము ఊదారు. లోపల వడ్డన మొదలైంది. పాతపిల్లలు బిలబిలమంటూ వెళ్ళారు. ఆడపిల్లలు ఏడుగురూ బయట గోడవారగా ఒద్దికగా నిలబడ్డారు. ఎవరైనా రమ్మంటారని చూశారు. ఎవరూ రమ్మనలేదు. పోనీ అందరూ తిన్నాక తిందామని ఆగారు. అందరూ తిన్నారు. తలుపు మూసేశారు.

తప్పు వాళ్ళది కాదు. పుట్టినప్పట్నుంచీ వాళ్ళకి నేర్పిందే అది. పిలిచేదాకా పీట మీద కూచోకు. మగవాళ్ళు తినేదాకా కంచం ముట్టుకోకు. మిగిలితే తిను, మిగలకపోతే నీళ్ళు తాగు. ఇంట్లో దాన్ని బుద్ధి అన్నారు. కొండ మీద దాన్ని తెలివితక్కువతనం అన్నారు.

అసిరి చీపురు అందుకుంది. వాకిట్లో దాన్ని టపటపా నేలకేసి కొట్టింది.

"ఒలే సీపురా! సిగ్గునేదే నీకు? ఎవులో పీటేసి పిలుస్తారని సూస్తన్నావేటి? ఇది నీ అత్తోరిల్లు కాదు. కొమ్ము ఊదగానే ఎల్లాలి. ముందెల్లినోళ్ళదే ముందు. సేతిలో ఇస్తరాకుండాలి, నేదంటే వడ్డించరు. పెరట్లో అడ్డాకులున్నాయి, సీపురుపుల్లలు నాకాడున్నాయి, కూకుని కుట్టుకో. ఇంకో కొమ్ము ఊదుతారు సందేళకి. ఆకు ఏసీసుకుని మజ్జిలో కూకో. మూలకి కాదు, మజ్జిలో!"

చీపురు ఏమీ అనలేదు. కానీ వినాల్సినవాళ్ళు విన్నారు. సాయంకాలం కొమ్ము ఊదగానే ఏడుగురూ విస్తరాకులతో వెళ్ళి బంతి మధ్యలో కూచున్నారు. వాళ్ళ పక్కన పశువుల కాపరుల కొడుకులు కూచున్నారు, వాళ్ళ పక్కన చేపల రేవు పిల్లలు. పప్పు రెండోసారి కూడా వేయించుకున్నారు. ఆ రోజూ ఒక్కరు కూడా కొండ దిగలేదు.

వరహాలు పరుగెత్తాడు. పెద్ద ఒజ్జ అసిరిని పిలిపించాడు.

"కొత్తవాళ్ళతో మాట్లాడావా?"

"నేదు అయ్యగోరూ. సీపురుతో మాటాడేను."

తాటాకులో చీపురు మాట కూడా లేదు. పెద్ద ఒజ్జ ఈసారి "సరే" అనలేదు. "పో" అని మాత్రం అన్నాడు.

మూడోరోజు పాఠం దగ్గర వచ్చింది చిక్కు. వైద్యం చెప్పే సావిడిలో ఒజ్జ వేళ్ళూ ఆకులూ ముందేసుకుని కూచున్నాడు. పిల్లలు చాపల మీద కూచున్నారు. తవిటమ్మా మిగతావాళ్ళూ తలుపు చాటున నిలబడి తలలు మాత్రం లోపలికి పెట్టి విన్నారు. ఇంటికి నలుగురు మగవాళ్ళొచ్చి మాట్లాడుకుంటుంటే ఎలా వింటారో అలాగే. తలుపు చాటున ఉన్నవాళ్ళని ఒజ్జ లెక్కలోకి తీసుకోడు. ఆ సంగతి తలుపు చాటున ఉన్నవాళ్ళకి తెలీదు.

అటుగా ఒక మేక వచ్చింది. అసిరి దాన్ని చెవి పట్టుకుని ఆపింది.

"ఒలే మేకా! తలుపు పక్కన ఏటి సేస్తన్నావే? దొంగతనానికొచ్చేవేటి? సదువు నీది కాదా? సాప నీది కాదా? లోనికెల్లు. ముందు వరసలో కూకో. అర్దం కాకపోతే అడుగు. నోరిచ్చింది మెయ్యడానికొక్కటేనా?"

మేక "మే" అంది. అసిరి తిట్లకి మారుమాట చెప్పింది ఆ మూడు రోజుల్లో అదొక్కటే. మరుక్షణం ఏడుగురూ లోపలికి వెళ్ళి ముందు వరసలో కూచున్నారు. తవిటమ్మ కూచోడమే కాదు, చెయ్యెత్తి అడిగింది కూడా. "ఈ వేరు అరగదీసి ఇస్తారా, ఉడకబెట్టి ఇస్తారా అయ్యగోరూ? బాలింతకయితే ఎంత?" వైద్యం ఒజ్జ పొట్టిమనిషి. పదేళ్ళుగా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన సంతోషం పట్టలేక ఆ పూట పాఠం రెండు పూటలు చెప్పాడు.

వరహాలు పరుగెత్తాడు. ఈసారి పెద్ద ఒజ్జ తాటాకు తియ్యలేదు.

"చాలించు నీ వేషాలు" అన్నాడు. "రేపు పొద్దు పొడిచేదాకా నువ్వు మనిషితో గాని, పశువుతో గాని, వస్తువుతో గాని ఒక్క మాట మాట్లాడితే, కొండ దిగడమే. మళ్ళీ ఎక్కడం లేదు."

అసిరి తలూపింది. ఆ తలూపడం కూడా మాటకిందకి వస్తుందేమో అని భయపడుతూ ఊపింది.

ఆ సాయంకాలమే పెద్ద ఒజ్జ పాతపిల్లలందర్నీ పిలిచి చెప్పాడు. "రేపు పేర్లు పిలిచేది వెనక కళ్ళంలో. చాపలు పరిచి ఉంచండి."

అన్నిటికంటే పెద్ద సంగతి అదే. దాన్ని చెప్పాల్సిన నోరు మూతపడింది.

కొత్తపిల్లలు ముంగిట్లో చేరారు. అసిరి ఎప్పుడు తిడుతుందా అని కాచుకుని కూచున్నారు. అసిరి బుట్ట అల్లుతోంది. కుండ పక్కనే ఉంది, చీపురు పక్కనే ఉంది, మేక పక్కనే ఉంది. అసిరి ఎవరినీ ఏమీ అనలేదు.

తవిటమ్మ లెక్క వేసుకుంది. రేపు పొద్దున్న ఎక్కడో తెలియకపోతే, రేపు మధ్యాహ్నానికి కొండ కింద ఉంటుంది. ఎల్లుండి ఇంట్లో తమలపాకులు. కాసేపు చూసింది, ఇంకాసేపు చూసింది. చివరికి తనే లేచి వచ్చి కుండ ముందు కూచుంది.

"ఒలే కుండా!" అంది. "ఇన్ని సెప్పేవు, ఇదొక్కటీ సెప్పవేటే? రేప్పొద్దున్న ఎక్కడికెల్లాలి? నీకు కోపమొచ్చినాదా? నేనేటైనా తప్పు సేసినానేటి?"

అసిరి చేతిలో వెదురుబద్ద ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోట మాట రాలేదు. రాకూడదు.

అరుగు మీద పాతపిల్లలు తలలు దించుకున్నారు.

వాళ్ళలో గవరయ్య అని ఒకడున్నాడు. మొదటిరోజు నూతి దగ్గర అందరికంటే గట్టిగా నవ్వింది వాడే. వాడు తల గోక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు. పక్కనున్న స్తంభాన్ని అరచేత్తో చరిచాడు.

"ఒరే గుంజా! చెవుడా నీకు? రేపు వెనక కళ్ళంలోరా! పొద్దు పొడవక ముందే చేరాలి!"

అంతే. చెరువు గట్టుకి గండిపడ్డట్టయింది. ఒకడు లేచి రోకలిని తిట్టాడు. "ఒలే రోకలీ! వంటసాల ఎనకనుంచి ఎల్లాలే, ముందునుంచి తలుపేసుంటాది!" ఇంకొకడు గాడిదని తిట్టాడు. "ఒరే గాడిదా! చాప నువ్వే తెచ్చుకోవాలిరా!" ఇంకొకడు తన చెప్పుల్నే చేతిలో పట్టుకుని తిట్టాడు. "ఒరే, పేరు పిలిస్తే గట్టిగా పలకండిరా, గొణగొద్దు!" ఒకడు జామచెట్టుని, ఒకడు తన తలపాగాని, ఒకడు పాపం ఏమీ దొరక్క చందమామని. నేరేడుకొండ కొండంతా కేకలే. తిట్లే. నవ్వులే. ఒక్క మనుషులతో తప్ప అన్నిటితో మాట్లాడారు. అసిరి మాత్రం మాట్లాడలేదు. బుట్టలో తల పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతూ ఏడ్చింది.

నాలుగోనాడు పొద్దు పొడిచింది. పెద్ద ఒజ్జ గడ్డం దువ్వుకుని కళ్ళంలోకి వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. ముప్ఫై చాపలు. ముప్ఫైమంది పిల్లలు. ఒక్కరు తగ్గలేదు.

"ఇదేమి వడపోత! పొట్టు రాలలేదే!" అన్నాడు. ఆయనకి ఒళ్ళు మండింది. "వినండి. ఒకరు చెబితే వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, చదువుకి పనికిరారు. ఇప్పుడే కొండ దిగాలి. నీకు ఎవరు చెప్పారు?"

"గుంజ సెప్పింది" అన్నాడు పశువుల కాపరి కొడుకు.

"నీకు?"

"రోకలి సెప్పింది."

"నీకు?"

"కుండనడిగేను" అంది తవిటమ్మ. "కుండ సెప్పలేదు. కుండని సూసి అందరూ సెప్పేరు."

"గుంజలు మాట్లాడవు! రోకళ్ళు మాట్లాడవు!" అరిచాడు పెద్ద ఒజ్జ. "మనుషులు చెబితే వచ్చారు మీరు. లెండి. పదండి కిందికి."

ఆడపిల్లలు ఆరుగురు లేవబోయారు. తవిటమ్మ లేవలేదు. చాప అంచు రెండు చేతులా పట్టుకుంది.

"ఎల్తాం అయ్యగోరూ. మమ్మల్ని అడిగేరు, ఆ అబ్బాయిని అడగనేదు. ఆ ఒక్కడ్నీ కూడా అడిగేత్తే, అందరం కలిసే దిగుతాం."

అందరూ వరహాలు వైపు చూశారు. వాడు బెల్లంముక్క చప్పరిస్తున్నాడు. అడగక తప్పింది కాదు పెద్ద ఒజ్జకి.

"నీకెవరు చెప్పారు?"

వరహాలు తెల్లబోయాడు. వాడు చాడీలు చెబుతాడు గాని అబద్ధాలు చెప్పడు.

"అదేటి మావయ్యా! మీరే కదా చెప్పారు! మొన్న మా ఇంటికొచ్చి, గారెలు తింటూ, ఈ ఏడు కళ్ళంలో పెడుతున్నాను, నీళ్ళు ఊటలో తాగు, కొమ్ము ఊదగానే పరిగెత్తు అన్నారు. నేనింకా అన్నీ గుర్తుపెట్టుకున్నాను!"

ముందు నవ్వింది వైద్యం ఒజ్జ. పొట్టమీద చెయ్యేసుకుని నవ్వాడు. తర్వాత లెక్కల ఒజ్జ నవ్వాడు. తర్వాత పిల్లలు. పెద్ద ఒజ్జ ముఖం ఎర్రబడింది, నల్లబడింది, చివరికి మామూలుగా అయింది. మేనల్లుణ్ణి పంపిస్తే ఇంటికెళ్ళి చెల్లెలికి ముఖం చూపించలేడు. మేనల్లుణ్ణి ఉంచితే అందర్నీ ఉంచాలి.

పెద్ద ఒజ్జ చాప మీద కూలబడ్డాడు. తాటాకు తీసి పేర్లు పిలిచాడు. ముప్ఫై పేర్లు. తవిటమ్మ పేరు పిలిచినప్పుడు ఆమె పలికిన పలుకు ఉప్పుమడులదాకా వినబడి ఉంటుంది.

అయిదోనాడు మేనమామ తమలపాకులతో తవిటమ్మ ఇంటికి వచ్చాడు. పిల్ల రాలేదు. ఆరోనాడు ఆకులు వాడిపోయాయి. వాడిపోతున్న ఆకులు పారెయ్యలేక ఆయనే కూచుని నమిలాడట.

పేర్లు పిలిచిన రోజే తవిటమ్మ అసిరిని వెతుక్కుంటూ వచ్చింది. "అప్పా, నీ మేలు మరిచిపోను" అంది.

"నాకెందుకు సెప్తావే? నేను నీతో ఒక్క మాటైనా ఆడేనేటి?" అంది అసిరి. అది ఆమె తవిటమ్మతో ఆడిన మొదటి మాట. "సెప్పాలనుంటే కుండకి సెప్పుకో."

తవిటమ్మ కుండ ముందు కూచుంది. చేతులు జోడించి చెప్పింది. అసిరి వింటూ ఉంది.

వడపోత అంతటితో పోయింది. మూడు రోజుల మౌనం పోయి మూడు రోజుల వాగుడు వచ్చింది. ఏటా తొలకరికి పాతపిల్లలే గుమ్మం దగ్గర నిలబడేవారు. మూట అందుకునేవారు, ఊట చూపించేవారు, చాప పరిచేవారు. ఎవరూ చెప్పకుండానే చేసేవారు. అందరికంటే ముందు అసిరి ఉండేది. నాలుగేళ్ళ చదువు ఆమెకి ఏడేళ్ళు పట్టింది. పరీక్షలు తొలకరి నెలలోనే వచ్చేవి మరి. ఒజ్జలు చివాట్లు పెట్టేవారు. అసిరి వినేది. మర్నాడు మళ్ళీ గుమ్మం దగ్గరే ఉండేది.

తవిటమ్మ వైద్యం నేర్చుకుని ఉప్పుమడుల ఊరికి వెళ్ళింది. ఆ ఊళ్ళో దేవుడికి కాస్త తీరిక దొరికింది. అసిరి చదువు ముగించి కొండ కిందే ఉండిపోయింది. బుట్టలు అల్లింది, పిల్లలకి అక్షరాలు చెప్పింది. గ్రంథాలేవీ రాయలేదు. సన్మానాలేవీ పొందలేదు. జుట్టంతా నెరిసి, పళ్ళు ఊడి, నాలుక మాత్రం ఊడకుండా, ఒకనాడు బుట్ట అల్లుతూ అల్లుతూ పోయింది.

అప్పటికి కొండ మీద చదివినవాళ్ళు దేశమంతా ఉన్నారు. వాళ్ళంతా వచ్చారు. గవరయ్య వచ్చాడు, ముసలివాడైన వరహాలు కూడా వచ్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. అసిరి పేరు మీద రాయి నిలబెడదామన్నారు పెద్దలు. రాతిమీద ఫలానావాడి కూతురు అని రాయాలా, ఫలానావాడి భార్య అని రాయాలా అని మూడు రోజులు వాదించుకున్నారు. వాళ్ళు వాదించుకుంటుండగానే తవిటమ్మ ఊట దగ్గరికి వెళ్ళింది. ఒక కొత్తకుండ నిండా నీళ్ళు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. పక్కన ముంత పెట్టింది. ఆ తర్వాత రాయి సంగతి ఎవరూ ఎత్తలేదు.

చదువులశాలలు ఇప్పుడు కొండ మీదే కాదు, ఊరూరా ఉన్నాయి. ఆ వైపు ఎక్కడ చూసినా, కొత్తపిల్లలు వచ్చే రోజున గుమ్మం పక్కన ఒక కుండ నీళ్ళు పెడతారు. పక్కనే పై తరగతి పిల్లలు ఇద్దరో ముగ్గురో నిలబడి ఉంటారు. కొత్తపిల్ల నీళ్ళు తాగేలోపు ఏ గది ఎక్కడో, ఏ పంతులమ్మ ఎలాంటిదో, ఏ పూట కూరలో ఉప్పెక్కువో అన్నీ చెప్పేస్తారు. ఆ తర్వాత ఎవరైనా ఆ పిల్లని, "కొత్తదానివి కదా, ఇవన్నీ నీకెవరు చెప్పారే?" అని అడిగితే, "కుండ చెప్పింది" అంటుంది. అలాగే అనాలి. చెప్పినవాళ్ళకి దండం పెట్టడం అంటే అదే.

ఆ మాట ఒకసారి అన్న పిల్ల, మరుసటి ఏడు తొలకరికి తను వచ్చి గుమ్మం పక్కన నిలబడాలి. నిలబడకపోతే కుండ అలుగుతుందట. అలిగితే ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలీదు. ఇప్పటిదాకా ఎవరూ అలగనివ్వలేదు.